తాడు లాగినవాళ్ల దారి

థేమ్స్ నది పుట్టిన చోటి నుంచి లండను మహానగరం దాకా నది వెంట నడిచి వెళ్లటానికి ఒక దారి ఉంది. దాని పొడవు సుమారు 184 మైళ్లు. గ్లోస్టర్‌షైరులో కెంబుల్ అనే పల్లె దగ్గర ఒక పచ్చికబయలులో మొదలై, లండనుకు తూర్పున సముద్రపు పోటును ఆపటానికి కట్టిన అడ్డుకట్ట దగ్గర ముగుస్తుంది. 1996లో దీన్ని జాతీయ నడకదారిగా తెరిచారు. ఈ దారిని గురించి వచ్చిన పుస్తకాలు చదివితే హంసలు, నీటిమీదికి వంగిన చెట్లు, పాతకాలపు చర్చీలు, పూటకూళ్ల ఇళ్లు కనిపిస్తాయి. ప్రకృతి తనంతట తాను మనుషుల కోసం పరిచిపెట్టిన తివాచీ అనిపిస్తుంది. ఈ అభిప్రాయం తప్పని చెప్పటానికే ఈ వ్యాసం.

నేను ఈ దారిని మొత్తం నడవలేదు. రెండేళ్ల క్రితం వేసవి సెలవుల్లో రెడింగులో ఉంటున్న మా చెల్లెలి ఇంటికి వెళ్లాను. మూడు వారాలపాటు, రైలు ఆగిన చోట దిగి, కాళ్లు మొరాయించిన చోట బస్సెక్కి, ముక్కలు ముక్కలుగా సగం దారి నడిచాను. "ఇంత ఖర్చు పెట్టుకుని వచ్చి మీరు చూసేది ఇదా బావగారూ? ఇటువంటి గట్లు మన ఏలూరు కాలువ మీద లేవా?" అన్నాడు మా చెల్లెలి భర్త. ఆయన వేళాకోళానికే అన్నాడు గాని, నేను నడిచింది నిజానికి అందుకే.

మా తాత వయసులో ఉండగా ఏలూరు కాలువ మీద పడవ లాగాడు. గాలి కలిసివస్తే తెరచాప, లేకపోతే గెడ, గెడకు కూడా లొంగనప్పుడు తాడు. మోకును భుజం మీదుగా ఛాతీకి అడ్డంగా వేసుకుని, నేలను చూస్తూ, గట్టు వెంట నడవాలి. లారీలు వచ్చి పడవలు మూలబడిన తరువాత ఆయన వ్యవసాయ కూలీగా మారాడు. ముసలితనంలో కూడా ఆయన భుజం మీద ఒక జానెడు మేర చర్మం చెప్పుతోలులాగా ఉండేది. ఆ కాలువగట్టు అందంగా ఉంటుందని ఆయన అనగా నేనెన్నడూ వినలేదు. ఏ మలుపులో తుమ్మముళ్లుండేవో, ఏ తూము దగ్గర కాలు జారేదో మాత్రం చివరిదాకా చెప్పగలిగేవాడు.

పడవలు లాగటానికి ఒడ్డున వేసిన బాటను ఇంగ్లీషువాళ్లు టోపాత్ అంటారు. మనం తాడుబాట అనుకుందాం. నేటి థేమ్స్ నడకదారిలో లెచ్‌లేడ్ అనే చిన్న పట్టణం నుంచి లండను పొలిమేర దాకా చాలా భాగం ఈ పాత తాడుబాటే. ఈ సంగతి ఆ పుస్తకాల్లో కూడా ఉంటుంది, కాదనను. ఒక వాక్యంలో చెప్పి మళ్లీ హంసల దగ్గరకు వెళ్లిపోతారు.

నది పుట్టిన చోట సంవత్సరంలో ఎక్కువ రోజులు నీళ్లుండవు. ఒక చెట్టు, కొన్ని రాళ్లు, ఇదే థేమ్స్ జన్మస్థానమని చెక్కిన ఒక రాతిపలక. 1958 నుంచి 1974 దాకా ఇక్కడ 'థేమ్స్ తాత' విగ్రహం ఒకటి ఉండేది. 1854లో లండను క్రిస్టల్ పాలెస్ కోసం రఫాయెల్ మాంటీ అనే శిల్పి మలిచిన బొమ్మ అది. ఆకతాయిల చేతిలో పాడైపోతోందని లెచ్‌లేడ్ దగ్గర లాకుల వద్దకు తరలించారు. గడ్డపు ముసలివాడు ఒరిగి కూర్చుని ఉంటాడు. చేతిలో పార, పక్కన సరుకుల మూటలు, పీపాలు. నదీదేవతను చెక్కమంటే ఆ శిల్పి చేపనో కలువనో పెట్టలేదు, మూటలూ పీపాలూ పెట్టాడు. 19వ శతాబ్దపు ఇంగ్లండుకు నది అంటే ఏమిటో అతనికి తెలుసు.

ఇక్కడి నుంచి లెచ్‌లేడ్ దాకా దారి నదిని చాలాచోట్ల విడిచి పొలాల్లో పడిపోతుంది. కారణం ఉంది. 1789లో థేమ్స్‌ను పడమటనున్న సెవర్న్ నదితో కలిపే కాలువ తెరుచుకున్నది. పడవలన్నీ అటు మళ్లాయి. ఎగువనున్న నదిని ఎవరూ పట్టించుకోలేదు, ఒడ్డున బాట నిలవలేదు. పడవ లాగని చోట బాట లేదు. బాట లేని చోట నేడు నడిచేవాడికి హక్కు లేదు. ఇంగ్లిషాం దగ్గర ఈ నడకదారి అధికారికంగా తెరుచుకున్న తరువాత కూడా చాలా ఏళ్లు జనం మోటారు రోడ్డు అంచున బిక్కుబిక్కుమంటూ నడవవలసి వచ్చింది. నది పక్క పొలంలోనే ఉంది.

లెచ్‌లేడ్ దగ్గర 1792లో కట్టిన వంతెన పేరు హాఫ్‌పెన్నీ బ్రిడ్జి, అంటే అరపెన్నీ వారధి. నడిచి దాటే మనిషి కట్టవలసిన సుంకం అది. ఊరివాళ్లు గొడవపెట్టి 1839లో నడిచేవాళ్లకు ఆ సుంకం రద్దు చేయించుకున్నారు. పేరు మాత్రం మిగిలింది.

ఇంతకూ నది మీద పడవ ఎట్లా నడిచేది? మొదట గుర్తుపెట్టుకోవలసింది, నది ఎవరికోసమూ ఖాళీగా లేదన్నది. ఒడ్డునున్న ప్రతి దొరకూ, ప్రతి మఠానికీ ఒక పిండిమర ఉండేది. మర తిరగటానికి నీటిమట్టం కావాలి, దానికోసం నదికి అడ్డంగా కట్ట వేసేవాళ్లు. చేపలు పట్టటానికి వేసిన కట్టలు వేరే. 1215లో రన్నీమీడ్ పచ్చికబయలులో, ఈ దారి పక్కనే, జాన్ రాజు చేత సామంతులు ఒప్పించిన మాగ్నాకార్టాను మనం స్వాతంత్ర్యానికి పునాదిరాయి అని పాఠాలలో చెబుతాం. అందులో 33వ నిబంధన గురించి చెప్పం. థేమ్స్, మెడ్వే నదుల నుంచి, ఇంగ్లండు అంతటి నుంచి, సముద్రతీరాన తప్ప, చేపల కట్టలన్నీ తొలగించాలని అది శాసించింది. పడవ సాగాలంటే నది తెరిచి ఉండాలన్న కోరిక ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది. నిబంధన రాసినంత మాత్రాన కట్టలు పోలేదన్నది వేరే చెప్పనక్కరలేదు.

కట్టలో పడవ పట్టేంత ఖాళీ ఒకటి ఉంచి, దాన్ని పలకలతో మూసేవాళ్లు. పలకలు లేపితే ఒక్కసారిగా నీళ్లు దూకుతాయి. కిందికి పోయే పడవ ఆ వెల్లువ మీద జారిపోవాలి. పైకి వచ్చే పడవను ఆ వెల్లువకు ఎదురు లాగాలి, కొన్నిచోట్ల గానుగలాంటి చక్రానికి తాళ్లు చుట్టి. నీళ్లు వదలటం మరవాడి దయ. వదిలినందుకు రుసుం తీసుకునేవాడు. కరువు రోజుల్లో పడవవాళ్లు సరుకుతో రోజుల తరబడి పడిగాపులు పడేవాళ్లు. ఇటువంటి కట్టల్లో చివరిది 1930ల దాకా ఈ నది మీద ఉన్నదంటే ఆశ్చర్యం కలుగుతుంది. రెండు తలుపుల మధ్య నీటిని పెంచి దించే లాకులు ఈ నది మీద మొదటిసారి 1630ల్లో ఆక్స్‌ఫర్డ్ దిగువన ఇఫ్లీ, సాన్‌ఫర్డ్‌ల దగ్గర వచ్చాయి. మన డెల్టాలో లాకులు అనే మాటను అక్షరం రానివాళ్లు కూడా వాడతారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి, కాలువలు నీళ్లతోపాటు పడవలను కూడా మోయటం మొదలుపెట్టాక మన నోటికి వచ్చిన మాట అది. మా తాత లాకు లస్కర్ల గురించి, మరవాడి గురించి థేమ్స్ పడవవాడు మాట్లాడినట్టే మాట్లాడేవాడు.

సరే, తాడు సంగతి. 18వ శతాబ్దం చివరిదాకా థేమ్స్ మీద పడవలను లాగింది చాలావరకు మనుషులే. ఎగువ నుంచి రాయి, ధాన్యం, జున్ను, మొలకకట్టిన బార్లీ లండనుకు దిగేవి. ఆక్స్‌ఫర్డ్ కళాశాలలకూ, లండన్ సెంట్ పాల్స్ చర్చికీ టెయిన్టన్ గనుల రాయి రాడ్కాట్ రేవు నుంచి ఈ నది మీదే వెళ్లింది. దిగువ నుంచి బొగ్గు ఎక్కేది. బరువు పడవ ఎదురెక్కాలంటే పదులకొద్దీ మనుషులు ఒకే తాడుకు తగులుకోవాలి. వాళ్లలో ఒక్కరి పేరు కూడా సాహిత్యం నిలబెట్టలేదు. రష్యాలో రేపిన్ అనే చిత్రకారుడు 1870-73 మధ్య వోల్గా మీద పడవ లాగేవాళ్ల బొమ్మ గీసి ప్రపంచం చేత వాళ్ల ముఖాలు చూడనిచ్చాడు. థేమ్స్‌ను గీసిన చిత్రకారులు చాలామంది ఉన్నారు, వాళ్లలో మహానుభావులూ ఉన్నారు. అటువంటి బొమ్మ మాత్రం థేమ్స్‌కు దక్కలేదు.

1771 నాటి చట్టంతో థేమ్స్ కమిషనర్లకు లాకులు కట్టటానికి, తాడుబాట కోసం భూమి సంపాదించటానికి అధికారం వచ్చింది. క్రమంగా మనిషి స్థానంలోకి గుర్రం వచ్చింది. గుర్రానికి గట్టి నేల కావాలి, తెంపులేని బాట కావాలి. మనిషైతే బురదలో దిగుతాడు, కంచె దూకుతాడు. నేడు మనం నడిచే చదునైన బాట అట్లా ఏర్పడింది, గుర్రం కోసం.

ఈ బాట ఒక ఒడ్డున తిన్నగా ఎందుకు సాగదు? నన్ను మొట్టమొదట పట్టుకున్న ప్రశ్న ఇది. నాలుగు మైళ్లు ఎడమ ఒడ్డు, తరువాత వారధి దాటి కుడి ఒడ్డు, మళ్లీ ఎడమ. భూమి వాలును బట్టి కొంత నిజమే. కాని చాలాచోట్ల కారణం భూయజమాని. తన తోట ముందు నుంచి పడవ కూలీలు పోకూడదని ఒకడు అడ్డుపడితే బాట అవతలి ఒడ్డుకు పోయేది. గుర్రాన్నీ, గుర్రపువాణ్ణీ బల్లకట్టు మీద అటు చేర్చేవాళ్లు. కుక్కాం దగ్గర కొద్ది దూరంలోనే ఇటువంటి రేవులు మూడు ఉండేవి. 20వ శతాబ్దంలో సరుకు రవాణా పోయి రేవులు మూతపడేసరికి, బాట అవతలి ఒడ్డున ఉండగానే మనిషి ఇవతలి ఒడ్డున చిక్కుకుపోయాడు. మౌల్స్‌ఫర్డ్ దగ్గర దారి ఇప్పటికీ నదిని వదిలి ఊళ్లోని రోడ్డు మీదికి ఎక్కటం అందువల్లనే. పటం ముందు పెట్టుకుని, దారి నదిని వదిలిపెట్టిన చోటల్లా వేలు పెట్టి చూస్తూ పోయాను. ఆ వేలి కింద పడింది తరచుగా ఎవరిదో ఒకరి ఆస్తి.

న్యాయశాస్త్రం కూడా ఆస్తి పక్షమే నిలిచింది. బాల్, హెర్బర్ట్ అనే ఇద్దరి మధ్య వ్యాజ్యంలో కింగ్స్ బెంచి న్యాయస్థానం తీర్పు చెప్పింది: పడవలు నడిచే నది అయినంత మాత్రాన దాని ఒడ్డున నడుస్తూ పడవ లాగే హక్కు సామాన్య న్యాయం ప్రకారం ప్రజలకు రాదు, స్థానికంగా ఆచారం ఉందని చూపించాలి, లేదా చట్టం ఉండాలి. తీర్పు వచ్చిన సంవత్సరం 1789. ఇంగ్లీషు కాలువకు అవతల పారిస్ ప్రజలు బాస్టీలు కోటను పడగొట్టిన ఏడాది.

విండ్సర్ ఈ చరిత్రకు మంచి ఉదాహరణ. కోట దిగువన హోంపార్కు అంచున నది వెంట పోయే బాట, దాని దగ్గర డాచెట్ వంతెన, జనం తరతరాలుగా వాడుకున్నవి. విక్టోరియా రాణి కాలంలో, 19వ శతాబ్దం నడుమ, ఆ పార్కును రాజకుటుంబం ఏకాంతం కోసం మూసివేశారు. పాత వంతెన పోయింది. దానికి బదులు 1851లో ఎగువన ఒకటి, దిగువన ఒకటి, రెండు వంతెనలు కట్టి వాటికి విక్టోరియా, ఆల్బర్ట్ అని పేర్లు పెట్టారు. నేటి నడకదారి అక్కడ నది దాటి డాచెట్ ఊరు చుట్టి మళ్లీ నదిని అందుకుంటుంది. నేను ఆ చుట్టుదారి నడిచిన రోజున వాన. రాణిగారి ఏకాంతం విలువ నాకు ఒక గంట తడిసిన నడకతో తెలిసివచ్చింది.

రైలు వచ్చింది. 1840లో గ్రేట్ వెస్టర్న్ రైలు రెడింగుకు చేరింది, మరుసటి ఏడు బ్రిస్టల్‌కు. ఒక తరం తిరగకుండానే ఎగువ థేమ్స్ మీద సరుకు రవాణా చితికిపోయింది. లాకులు శిథిలమయ్యాయి. 1866లో థేమ్స్ కన్సర్వెన్సీ ఎగువ నదిని కూడా తన చేతిలోకి తీసుకుని మరమ్మతులు చేయించేనాటికి నది మీదికి వచ్చేవాళ్లు మారిపోయారు. ఆదివారం సెలవుకు వచ్చిన లండను గుమాస్తాలు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు.

ఇక్కడ ఒక సంవత్సరం దగ్గర ఆగాలి: 1889. జెరోమ్ కె. జెరోమ్ 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్' ఆ ఏడాదే వెలువడింది. ముగ్గురు మిత్రులు, ఒక కుక్క, కింగ్‌స్టన్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌కు పడవ ప్రయాణం. నవ్వు ఆపుకోలేని పుస్తకం, ఇప్పటికీ. అందులో తాడు మీద ఒక హాస్యఘట్టం ఉంది. తాడు తనంతట తాను చిక్కుపడటం, లాగేవాళ్లు కబుర్లలో పడి పడవను మరచిపోవటం. ఈ ఘట్టాన్ని నేను కళాశాలలో చదువుకునే రోజుల్లో చదివి నవ్వాను. ఆ గట్టు మీద నడిచాక మళ్లీ చదివాను, మళ్లీ నవ్వు వచ్చింది, కాని వెనుకనుంచి మా తాత భుజం కూడా వచ్చింది. మనుషుల ఛాతీలను కోసిన తాడు వినోదవస్తువు కావటానికి వంద సంవత్సరాలు పట్టలేదు. జెరోమ్‌ను నేను నిందించటం లేదు. ఆయన పేదరికం ఎరిగినవాడు. లండను తూర్పువాడల్లో పెరిగి, చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయి, రైల్వేలో చేరి పట్టాల వెంట రాలిన బొగ్గు ఏరినవాడు. అటువంటివాడికి కూడా నది ఎగువ భాగం శ్రమ లేని చోటుగా కనిపించిందంటే, అప్పటికే అక్కడి నుంచి శ్రమను తుడిచిపెట్టటం పూర్తయిందన్నమాట.

శ్రమ ఎక్కడికి పోయింది? అదే నది దిగువకు. ఆ సంవత్సరం ఆగస్టులోనే లండను డాకు కూలీలు గంటకు ఆరు పెన్నీల కూలి కోసం సమ్మె కట్టారు. ఐదు వారాలు నిలిచారు. ఆస్ట్రేలియా కార్మికులు, ప్రజలు ముప్పై వేల పౌండ్లకు పైగా చందా పంపారు. కోరిన కూలి సాధించుకున్నారు. బెన్ టిల్లెట్, టామ్ మాన్, జాన్ బర్న్స్ పేర్లు కార్మికోద్యమ చరిత్రలో నిలిచాయి. ఎగువన ముగ్గురు మిత్రులు అనాసకాయ డబ్బాను తెరవలేక దాన్ని కొడుతున్నారు. దిగువన అటువంటి సరుకులను ఓడల నుంచి దించే మనుషులు పని ఆపి వీధుల్లో నడుస్తున్నారు. ఒకే నది, ఒకే ఏడు. ఈ రెండింటినీ ఒకే పేజీలో పెట్టిన సాహిత్య చరిత్ర నా చేతికి రాలేదు.

మరుసటి సంవత్సరం, 1890లో, విలియం మోరిస్ తన కామన్‌వీల్ పత్రికలో 'న్యూస్ ఫ్రం నోవేర్' ధారావాహికంగా ప్రచురించాడు. సమసమాజం ఏర్పడిన భావి ఇంగ్లండులో, లండనులోని హామర్స్మిత్ దగ్గర కథకుడు మేలుకుంటాడు. చివరి భాగమంతా అక్కడి నుంచి ఎగువకు పడవ ప్రయాణం, గడ్డికోతలకు, ఒక పాత రాతి ఇంటికి. ఆ ఇల్లు కెల్మ్‌స్కాట్. 1871 నుంచి మోరిస్ అద్దెకు తీసుకున్న ఇల్లు అది. ఇప్పటి నడకదారి ఆ గ్రామం పక్కగానే పోతుంది. హామర్స్మిత్‌లో ఆయన 1878 నుంచి నివసించిన ఇంటి ముందు నుంచి కూడా పోతుంది. 1880 వేసవిలో ఆయన కుటుంబంతో, స్నేహితులతో ఈ రెండు ఇళ్ల మధ్య నదిమీద ప్రయాణం చేశాడు. కల వెనుక అనుభవం ఉంది.

మోరిస్ ప్రయాణం నగరం నుంచి పల్లెకు. చరిత్రలో జనం ప్రయాణం పల్లె నుంచి నగరానికి. పొలాలకు కంచెలు పడి, ఉమ్మడి బీళ్లు పోయి, కూలి వెతుక్కుంటూ లండనుకు దిగినవాళ్లు లక్షలు. మోరిస్ ఆ ప్రవాహాన్ని కలలో వెనుకకు తిప్పాడు. ఇది వెనుకచూపు అని విమర్శించినవాళ్లున్నారు. ఆయన స్వయంగా యజమాని, తన అద్దకపు కార్ఖానాలో జీతగాళ్లను పెట్టుకున్నవాడు అన్నది కూడా నిజమే. అయినా నాకు ఆ నవలలో నచ్చింది ఒకటుంది: నది ఒడ్డున ఎక్కడ దిగాలన్నా ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు. పడవ ఆగుతుంది, మనుషులు దిగుతారు, అంతే.

మోరిస్ దగ్గర మన తెలుగుదేశానికి ఒక పోగు తగులుతుంది. 1881లో ఆయన థేమ్స్ ఉపనది వాండిల్ ఒడ్డున, మెర్టన్ యాబీలో, నీలిమందు అద్దకం మొదలుపెట్టాడు. ఆయన అచ్చువేసిన నూలుగుడ్డల నమూనాలకు ఈవెన్‌లోడ్, విండ్రష్, కెన్నెట్, వాండిల్ అని థేమ్స్ ఉపనదుల పేర్లే పెట్టాడు. ఆ గుడ్డను ఇంగ్లీషులో చింట్జ్ అంటారు. మనం చీటిగుడ్డ అనేది అదే. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తకస్థానం పెట్టింది ఇటువంటి గుడ్డల కోసమే. మన తీరపు అద్దకం లండనులో ఎంత విపరీతంగా అమ్ముడుపోయిందంటే, తమ నేతవాళ్ల గోల భరించలేక పార్లమెంటు 1700లో అచ్చుగుడ్డల దిగుమతినీ, 1721లో వాటి వాడకాన్నీ నిషేధించింది. 1774లో నిషేధం ఎత్తేసేనాటికి వాళ్ల యంత్రాలు సిద్ధమవుతున్నాయి. తరువాతి కథ మన నేతగాళ్లకు తెలుసు. ఈ విషయంలో మోరిస్‌కు భ్రమలు లేవు. 1879లో బర్మింగ్‌హాంలో ఇచ్చిన ఉపన్యాసంలో భారతదేశపు చేతికళలను ఇంగ్లీషువాళ్ల పాలన, వాణిజ్యం నాశనం చేస్తున్నాయని బాధపడ్డాడు. మెర్టన్ యాబీలో ఆయన కష్టపడి మళ్లీ నేర్చుకున్న విద్యకు దగ్గరి చుట్టమైన అద్దకం నేటికీ పెడనలో సాగుతున్నది.

నడకదారిగా ఇది ప్రజల చేతికి ఎట్లా వచ్చిందో చెప్పాలి, క్లుప్తంగానే. దీనికి మొదటి పోరాటం ఈ నది మీద జరగలేదు. 1932 ఏప్రిల్ 24న మాంచెస్టర్ చుట్టుపట్ల మిల్లు కార్మికులు, నిరుద్యోగులు కొన్ని వందలమంది, దొరల పక్షివేట కోసం మూసి ఉంచిన కిండర్ స్కౌట్ కొండమీదికి కావాలనే ఎక్కారు. నాయకుడు బెన్నీ రోత్‌మన్‌కు అప్పటికి ఇరవై ఏళ్లు. అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలుశిక్ష పడింది. శిక్షలు చూసి దేశం కదిలింది. యుద్ధానంతరం లేబర్ ప్రభుత్వం 1949లో జాతీయ వనాల, గ్రామీణ ప్రవేశ చట్టం చేసింది. సుదీర్ఘ నడకదారులకు ఆ చట్టమే ఆధారం. మొదటి దారి, పెన్నైన్ వే, 1965లో తెరుచుకుంది. థేమ్స్ దారికి మరో ముప్పై ఏళ్లు పట్టింది. మూతపడిన రేవుల చోట కొన్ని నడక వంతెనలు కట్టవలసి వచ్చింది. టెంపుల్ దగ్గర 1989లో ఒకటి, లెచ్‌లేడ్ దిగువన 2000లో, అంటే దారి తెరిచాక నాలుగేళ్లకు, మరొకటి. బాట కోసం వాదించి, పటాలు గీసి, ప్రతి పొలం గట్టు మీదా తగాదాపడినవాళ్లు నడక సంఘాల సామాన్య సభ్యులు. ప్రభుత్వం ఇచ్చింది అనే మాట వాడేముందు ఇది జ్ఞాపకముండాలి.

టెడింగ్టన్ లాకుల దగ్గర సముద్రపు పోటు మొదలవుతుంది. అక్కడి నుంచి రెండు ఒడ్లనా దారి ఉంది. నగరం దగ్గరపడేకొద్దీ నది వెడల్పవుతుంది, దారి ఇరుకవుతుంది.

తూర్పు లండనులో 1802లో వెస్టిండియా డాకులు, 1806లో ఈస్టిండియా డాకులు కట్టారు. చుట్టూ ఇరవై అడుగుల గోడలు. సరుకు దొంగతనం ఆపటానికని చెప్పారు. ఏది దొంగతనం? ఓడ దించే కూలీ నేలమీద రాలిన చక్కెర ఊడ్చుకుపోవటం, ఓడలు కట్టే వడ్రంగి చెక్కపేళ్లు ఇంటికి తీసుకుపోవటం అంతకు ముందు ఆచారం. కూలిలో భాగంగానే లెక్క. 1798లో వెస్టిండియా వర్తకుల డబ్బుతో వాపింగ్ రేవులో నదీ పోలీసు దళం ఏర్పడింది, ఆచారం నేరమైంది. ఆ అక్టోబరులోనే కోపించిన జనం పోలీసు కచ్చేరీ మీద పడ్డారు. మా ఊళ్లో కళ్లాల దగ్గర పరిగె ఏరుకునే ఆడవాళ్లను తరిమిన రోజులు నేనెరుగుదును, కాబట్టి ఈ చరిత్ర నాకు పరాయిది అనిపించలేదు.

ఈ డాకుల్లోకి మనవాళ్లు కూడా వచ్చారు, ఓడ కళాసులుగా. ఇంగ్లీషువాళ్లు లస్కర్ అన్నారు. తిరుగు ఓడ దొరక్క చలికి వీధుల్లో చచ్చిపోతున్నారని గోల పుట్టాక, 1857లో లైమ్‌హౌస్‌లో ఆసియా, ఆఫ్రికా నావికుల కోసం ఒక ఆశ్రయగృహం తెరిచారు. మన కాలువల మీద నీటిపారుదల శాఖవారి చిన్న ఉద్యోగిని ఇప్పటికీ లస్కరు అనే అంటాం. ఒక మాట లైమ్‌హౌస్‌లోనూ ఏలూరు కాలువ లాకుల దగ్గరా ఒకే జీతపు మనిషికి పేరుగా మిగిలింది.

1967లో ఈస్టిండియా డాకులు, 1981 నాటికి మిగతా పెద్ద డాకులు మూతపడ్డాయి. గిడ్డంగులు భాగ్యవంతుల నివాసాలయ్యాయి. నది గోడ వెనుక నుంచి బయటపడి, గాజు తలుపు వెనుకకు చేరింది. దీనికి ఎదురు నిలిచిన చోటు ఒకటి చూశాను. వాటర్లూకు తూర్పున కాయిన్ స్ట్రీట్. అక్కడి నదీతీరాన్ని ఆఫీసు మేడలకు ఇవ్వబోతే నివాసులు ఏళ్ల తరబడి పోరాడారు. 1984లో గ్రేటర్ లండన్ కౌన్సిలు ఆ పదమూడు ఎకరాలు వాళ్ల సంస్థకే అమ్మింది. సహకార పద్ధతిన ఇళ్లు కట్టుకున్నారు, నది ఒడ్డున తోట వేసి 1988లో నడకబాట తెరిచారు. ఆ బాట మీద నేనూ మా చెల్లెలూ ఒక సాయంత్రం కూర్చున్నాం. పిల్లలు పరుగెత్తుతున్నారు, ఎవడో గిటారు వాయిస్తున్నాడు, ఒక ముసలమ్మ పావురాలకు గింజలు వేస్తోంది. అడిగేవాడు లేడు.

మర్నాడు వాపింగ్ వైపు నడిచాం, మా బావగారు కూడా వచ్చాడు. ఒకచోట దారిగుర్తు నది వైపు చూపిస్తోంది. వెళితే ఒక ఇనుప ద్వారం. ప్రజల బాటే, కాని సాయంత్రం కాగానే మూస్తామని పలక. లోపల దీపాలు వెలిగించిన వరండాలు కనిపిస్తున్నాయి, వాటి అవతల నది. కావలివాడు చేతితో రోడ్డు వైపు చూపించాడు. వెనక్కి తిరిగి పాత గిడ్డంగి గోడ వెంట నడుస్తుంటే, రెండు ఇళ్ల మధ్య సందులో రాతి మెట్లు కనబడ్డాయి. పూర్వం పడవవాళ్లు జనాన్ని ఎక్కించుకున్న నీటిమెట్లు. ఆటుపోట్ల వేళ ఆటు. పాచిపట్టిన మెట్ల మీద పాదం జాగ్రత్తగా వేస్తూ ముగ్గురం కిందికి దిగాం. గులకరాళ్లు, విరిగిన మట్టిపెంకులు, తుప్పుపట్టిన ఓడ మేకులు. "ఇక్కడ నడవచ్చునా బావగారూ?" అని అడిగాడు ఆయన. పోటు వచ్చేదాకా నడవచ్చునన్నాను.